గుర్రం, నిమ్మకాయ, వంతెన, కిటికీ, సబ్బు

గొడుగు, పాలు, తాళం చెవి, పావురం, నిచ్చెన.

అయిదు మాటలు, ఒక గంట. పది దాటి అయిదు నిమిషాలకు డాక్టరమ్మ ఈ అయిదూ చెప్పి, రెండుసార్లు సావా చేత అనిపించి, పదకొండూ అయిదుకు మళ్ళీ అడుగుతానంది. రాసుకోకూడదు, ఫోను తియ్యకూడదు, పక్కవాళ్ళతో అనకూడదు. అంతవరకు బయట నడవలో బెంచీ మీద కూర్చోవాలి. వరస తప్పకుండా అయిదూ చెబితే బాక్సింగ్ లైసెన్సు కాగితం మీద ముద్ర పడుతుంది, శనివారం సాయంత్రం సావా తన ఊరి క్రీడాశాలలో, తన ఊరివాళ్ళ ముందు, పక్క ఊరు గలాట్స్ నుంచి వచ్చే ఇరవై మూడేళ్ళ కుర్రాడితో ఆరు రౌండ్లు ఆడతాడు. ఒక్కటి తప్పినా ఆడడు. శనివారమే కాదు, ఇక ఎప్పుడూ ఆడడు. బ్రైలా ఊరంతా అప్పుడే పోస్టర్లు అంటించేశారు. ట్రామ్ స్టాపులో ఒకటి, చేపల బజారు గోడ మీద నాలుగు, చివరికి ఈ ఆస్పత్రి గేటుకు కూడా ఒకటి. అందులో సావా ముఖం పదేళ్ళ కిందటిది. ముక్కు ఇంకా కాస్త తిన్నగానే ఉంది.

నడవ గోడలకు సగం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం. ఎదురుగా బల్ల వెనక నర్సు రెవేకా ఊలు మేజోడు అల్లుతోంది. ఆమె తల పైన గోడ గడియారం. దాని పెద్ద ముల్లు మామూలుగా నడవదు. నిమిషం పాటు చలనం లేకుండా నిలబడి, ఉన్నట్టుండి ఒక గంతు వేస్తుంది, కాళ్ళు బరువెక్కిన బాక్సరు చివరి రౌండులో అడుగు తీసి అడుగు వేసినట్టు. పదీ పదకొండు. సావా రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి వణుకుతోంది కాబట్టి దాని మీద కుడి చెయ్యి మూసి పెట్టాడు. ఒకప్పుడు సాయంత్రాలు మాత్రమే వణికేది, ఈ మధ్య పొద్దున్న కూడా మొదలైంది. పక్కన లాస్కర్ గొర్రెతోలు టోపీ మోకాలి మీద పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ళవాడు, నలభై ఏళ్ళుగా బ్రైలా బాక్సర్లందరికీ గురువు, రింగు మూలన బకెట్టు పట్టుకుని నిలబడేవాడు, తిట్టేవాడు, ముఖం కడిగేవాడు. అతను కళ్ళు తెరిచాడు.

"ఏరా, అడిగిందా?"

"గంట తర్వాత అడుగుతుందట, బాబాయ్."

"గంటా? పాతాయన అయిదు నిమిషాలకే అడిగి పంపించేసేవాడు. పోనీలే, మనకి మాత్రం వేరే పనేముంది. సబ్బు మర్చిపోకు. అందరూ సబ్బు దగ్గరే జారతారు."

తన జోకుకి తనే నవ్వుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. సావా తల ఊపాడు. మాటలు మారాయని చెప్పలేదు. చెప్పకూడదన్నారు కదా అనేది ఒక సాకు. ముసలాడి ముఖంలో ఆ ధీమా కళ్ళ ముందే రాలిపోతుంటే చూసే ఓపిక లేదు, అదీ అసలు సంగతి.

పాత డాక్టర్ ఉన్నన్నాళ్ళూ ఈ బాధే లేదు. పద్దెనిమిదేళ్ళు ఆయన ఒక్కటే పాట పాడాడు. గుర్రం, నిమ్మకాయ, వంతెన, కిటికీ, సబ్బు. మొదటి ఏడాది ఎవడో బయటికొచ్చి చెప్పాడు, రెండో ఏడాదికి జిమ్ములో అందరికీ నోటికొచ్చేసింది, మూడో ఏడాదికల్లా తాడాటకి అదే లెక్కయింది. తాడు నేలను కొట్టిన ప్రతిసారీ ఒక మాట. గుర్రం, ఠప్, నిమ్మకాయ, ఠప్, వంతెన, ఠప్. కొత్తగా చేరిన పిల్లలు అవెందుకో తెలియకుండానే ఎగిరేవాళ్ళు, పెద్దవాళ్ళయ్యాక ఓ రోజు ఇదే బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసేది వాళ్ళకి. అవి తలలో ఉండే మాటలు కావు, పిక్కల్లో ఉండేవి. తల ఎక్కడ పోయినా పిక్కలు చెప్పేసేవి. ఆ పెద్దాయన వసంతంలో ఉద్యోగం విరమించి మనవళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు, ఈవిడ కొత్తగా వచ్చింది. మాటలు మారతాయని ఎవరికీ తట్టలేదు. పొద్దున్న లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంకా నోరు తెరవకముందే సావా నాలుక మీద గుర్రం వచ్చి నిలబడింది, గిట్టలు కొడుతూ. గొడుగు, అంది ఆవిడ. గొడుగు, పాలు, తాళం చెవి, పావురం, నిచ్చెన. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. వీటిని ఒక బొమ్మలా కట్టుకోవాలి, అప్పుడు జారవు. జిమ్ములో అన్నలాంటి గావ్రిలాని నిలబెడదాం. గావ్రిలా గొడుగు పట్టుకున్నాడు. రెండో చేత్తో పాలు తాగుతున్నాడు. మెడలో తాడుకి తాళం చెవి వేలాడుతోంది. భుజం మీద పావురం. అలా నిచ్చెన ఎక్కుతున్నాడు. ఎక్కడికి? ఎక్కడికో అక్కడికి, అది తర్వాత చూద్దాం.

గావ్రిలానే ఎందుకు వచ్చాడు బొమ్మలోకి? వస్తాడు మరి. ఈ బెంచీ మీద కూర్చుంటే ఇంకెవరొస్తారు. ఇదే బెంచీ, ఇదే ఆకుపచ్చ రంగు, గడియారం మాత్రం అప్పుడు కిటికీ పక్కన ఉండేది. కిటికీ నాలుగోది. కాదు, కాదు, అది పాత వరస. కిటికీ లేదు ఇందులో. గొడుగు, పాలు. పదీ ఇరవై. పాలంటే మొన్నటి పాలు. భార్య ఒలితా చేపల బజారుకి పోతూ, పాలు పొయ్యి మీద పెట్టాను, చూడు, అని చెప్పి వెళ్ళింది. అతను చూశాడు. చెప్పిన పని చేశాడు, కళ్ళార్పకుండా చూశాడు. పాలు అంచు దాకా లేచాయి, తెల్లగా, నెమ్మదిగా, భలే అందంగా లేచాయి, అంచు దాటాయి, పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి, మాడు వాసన వచ్చింది, ఇల్లంతా పొగ, అతను అలాగే నిలబడి చూస్తున్నాడు. ఏదో చెయ్యాలి ఇప్పుడు అని తెలుసు. ఆ చెయ్యాల్సింది ఏమిటో చేతుల దాకా రావట్లేదు. మరిచిపోయిన పర్సు కోసం తిరిగొచ్చిన ఒలితా గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూసిందో. పొయ్యి ఆర్పింది, గుడ్డ తెచ్చి తుడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై ఏళ్ళుగా తిట్టిన మనిషి, పెదవి చిట్లి ఇంటికొస్తే ఉప్పునీళ్ళతో కడుగుతూ, నీ మొహం చూసి చేపలు కూడా కొనరు, పక్కన నిలబడకు, అని నవ్విస్తూ తిట్టిన మనిషి, ఆ రోజు గుడ్డ పిండి ఆరేసి బజారుకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చాక ఇంటి తాళం చెవికి దారం కట్టి అతని కోటు లోపలి జేబుకి కుట్టేసింది. తాళం చెవి. మూడోది తాళం చెవి. అంతకు ముందు వారం అది రొట్టెల డబ్బాలో దొరికింది లెండి, ఎవరు పెట్టారో ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు జేబులో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ఇలా అయిదూ జేబులో ఉంటే ఎంత బాగుండు, ఒలితా అన్నీ దారంతో కుట్టేసి పంపితే.

అప్పుడే డ్రెస్డెన్. లేదు, డ్రెస్డెన్ ముందు, పాలు తర్వాత. వేసవిలో డ్రెస్డెన్, మూడో రౌండు. ఆ జర్మన్ కుర్రాడి కుడి చెయ్యి బయల్దేరడం సావా చూశాడు, స్పష్టంగా చూశాడు, పక్క వీధిలోంచి తెలిసినవాడు వస్తున్నట్టు. తల తియ్యాలి అనుకున్నాడు. అనుకున్నంత సేపు చాలు వాడికి. ఒకప్పుడు అనుకునే పనే ఉండేది కాదు, తల తనంతట తను పక్కకి పోయేది, ఆలోచన వెనక పరిగెత్తుకుంటూ వచ్చేది. పైన దీపాలు, వరసగా పన్నెండు, చుట్టూ దోమలు. రిఫరీ జర్మన్‌లో లెక్కపెడుతున్నాడు. అయిదు దాకా వినిపించింది, తర్వాత తొమ్మిది. మధ్యలో అంకెలు ఎక్కడికి పోయాయో. వీపు కింద రింగు గుడ్డ తడిగా, చల్లగా, హాయిగా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతి, ఎంత హాయిగా ఉందో. ఆ హాయే అతన్ని మూడు నెలలుగా నిద్ర పోనివ్వడం లేదు. పడుకుని ముగించాడు. సావా పడుకుని ముగించాడు, అదీ హాయిగా.

అలా ముగిస్తే మేకు దొరకదు. లాస్కర్ జిమ్ము రేవు పక్కన పాత ధాన్యం గోదాములో ఉంది. లోపల పడమటి గోడకి మనిషి ఎత్తుకు రెండింతలు పైన, పదిహేడు మేకులు. మొదటి పెద్ద గెలుపు గెలిచిన రోజున లాస్కర్ తన చేత్తో ఒక మేకు కొట్టి దాని కింద తారుతో ఆ మనిషి పేరు రాస్తాడు. ఆ తర్వాత మేకు ఎదురుచూస్తుంది. చివరి పోరు కాళ్ళ మీద ముగించినవాడి గ్లోవ్సే దానికి వేలాడతాయి. గెలిచాడా ఓడాడా అని ఎవరూ అడగరు, ఆఖరి గంట మోగినప్పుడు నిలబడి ఉన్నాడా అనే అడుగుతారు. పదకొండు జతలు వేలాడుతున్నాయి, తోలు ఎండి, పగిలి, దుమ్ము పట్టి. ఆరు మేకులు ఖాళీ. వాటి కింద పేర్లు అలాగే ఉంటాయి, చెరపరు, అదే నరకం. సావా పేరు పందొమ్మిదేళ్ళుగా ఉంది అక్కడ. రోజూ తాడాట ఆడేది సరిగ్గా ఆ గోడ ఎదురుగానే. గెలుస్తున్నన్నాళ్ళూ ఎవడూ ఆపడు, గెలిచేవాడు ఎందుకు ఆపుతాడు. ఓ రోజు పడతాడు. పడ్డవాడు అక్కడితో ఆపలేడు, ఒక్కటి, ఇంకొక్కటి, నిలబడి ముగిద్దాం అంటాడు. ఆ ఒక్కదానిలో మళ్ళీ పడతాడు. ఈ చక్రంలో పడి ఎంతమంది నలభై దాటారో, నలభై మూడు, నలభై అయిదు, ఒకడైతే కట్టుడు పళ్ళు తీసి లాస్కర్ చేతికిచ్చి మరీ రింగు ఎక్కాడు. జనం నవ్వారు. లాస్కర్ నవ్వలేదు, పళ్ళు జేబులో వేసుకుని, చెయ్యెత్తు వెధవా, గడ్డం దాచుకో, అని అరిచాడు.

పదీ ముప్ఫై మూడు. గొడుగు, పాలు, తాళం చెవి, పావురం. రెవేకా వేళ్ళు ఆగకుండా ఆడుతున్నాయి, ఆమె అతని వైపు చూసింది.

"తమ్ముడూ, శనివారం మా ఆయనా నేనూ వస్తున్నాం. నువ్వు ఆ గలాట్స్ వాణ్ణి ఒక్కటి పీకితే చాలు, మా వదిన నోరు మూతపడుతుంది. వాళ్ళది గలాట్స్."

"ప్రయత్నిస్తానక్కా."

"ప్రయత్నించడం ఏంటి, పీకు. నీ ఎడమ చెయ్యి గురించి మా ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు. బండి ఇరుసు తగిలినట్టుంటుందట."

ఎడమ చెయ్యి కుడి చేతి కింద, గుప్పిట్లో పట్టిన పిచ్చుకలా కొట్టుకుంటోంది. పిచ్చుక కాదు, పావురం. గావ్రిలా పావురాలు. ప్రతి ఆదివారం సావా వెళతాడు అక్కడికి, ట్రామ్ చివరి స్టాపు దాకా, ఒలితా కట్టిచ్చిన చేపల పులుసూ మొక్కజొన్న సంకటీ పట్టుకుని. పెరట్లో చెక్కగూళ్ళు, ముప్ఫై రెండు పావురాలు. గావ్రిలాకి నలభై ఎనిమిదేళ్ళు, చూస్తే అరవై ఉంటాయి. ఒక్కో పావురాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు, ఏది ఏ గూటిదో, ఎవరి పిల్ల ఎవరో తప్పు లేకుండా చెబుతాడు. సావాని మాత్రం తపాలా ఆయన అంటాడు. రండి, రండి, ఇవాళ ఉత్తరాలేమైనా ఉన్నాయా? మొదట్లో, లేవన్నా, నేను సావాని, అనేవాడు. అప్పుడు గావ్రిలా ముఖం చిన్నబోయేది. అందుకని ఇప్పుడు వెళ్ళేటప్పుడు ఏదో ఒక కాగితం తీసుకెళతాడు, దుకాణాల ప్రకటనో, కరెంటు ఆఫీసు కవరో. గావ్రిలా మర్యాదగా అందుకుని గింజల డబ్బా కింద దాచుకుంటాడు. మొన్న ఆదివారం చేతికి వేరే ఏదీ దొరక్క పోస్టరు మడిచి పట్టుకెళ్ళాడు. గావ్రిలా విప్పి ఎండకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు ఆ కళ్ళల్లోకి ఏదో దూరం నుంచి నడిచొచ్చింది. ఈ అబ్బాయి ఎడమ చెయ్యి దించేస్తున్నాడండీ, అన్నాడు. ఎవరిదో మంచి అబ్బాయిలా ఉన్నాడు, చెప్పండి వాడికి, ఎడమ చెయ్యి దించితే ఎదుటివాడి కుడి చేతి దెబ్బ తింటాడు. చెబుతానండీ, అన్నాడు సావా. డ్రెస్డెన్‌లో అతను తిన్నది సరిగ్గా అదే.

గొడుగు మాత్రం తింకాది. ఆ మాటని ముట్టుకోకుండా ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాడు, ముట్టుకోకపోతే పోతుంది, ముట్టుకుంటే కాలుతుంది. గావ్రిలా భార్య తింకా, ఏడేళ్ళ కిందట, స్టేషన్‌లో. హాంబర్గ్ నుంచి తీసుకొచ్చారు అతన్ని. నాలుగో రౌండులో పడి మూడు రోజులు లేవలేదు, లేచాక ఎవరినీ పోల్చలేదు. బయట కుంభవృష్టి. తింకా గొడుగు వేసుకుని వచ్చి, ముయ్యడం మరిచిపోయి, స్టేషన్ కప్పు కింద కూడా దాన్ని మొగుడి తల మీద పట్టుకునే నడిచింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. సావా సామాను మోస్తున్నాడు. సావా, అంది, నాకొకటి అర్థం కావడం లేదు, ఆ డాక్టర్ సంతకం ఎలా పెట్టాడు? వెళ్ళే నెల ముందు నుంచే ఇతనికి ఇంట్లో నా పేరు తట్టడం లేదు. నీ పేరేంటే, నీ పేరేంటే అని అడిగేవాడు, నేను వేళాకోళం అనుకున్నాను. ఆ అయిదు మాటలు ఎలా చెప్పాడు? గొడుగు అంచుల నుంచి నీళ్ళు సావా మెడ మీద పడుతున్నాయి. అతను సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఏమో వదినా, అన్నాడు.

ఏమో కాదు. తెలుసు. ఇదే బెంచీ. గావ్రిలా అప్పటికే రెండు కాళ్ళకీ ఎడమ కాలి బూట్లే వేసుకుని జిమ్ముకి వచ్చిన మనిషి, అందరూ పగలబడి నవ్వితే తనూ నవ్విన మనిషి. అతని ముందు పోరు నేల మీద ముగిసింది, మేకు ఖాళీగా చూస్తోంది. తమ్ముడూ, ఒక్కటి, నిలబడి వచ్చేస్తా, అన్నాడు. లోపల పాత డాక్టర్ అడిగాడు, గావ్రిలా నోరు తెరిచాడు, నోట్లో ఏమీ లేదు. ఎండిపోయిన బావిలా ఉంది. పక్క కుర్చీలో తన వంతు కోసం సావా. అతను పెదవి కదపలేదు, సైగ చెయ్యలేదు. మడమతో నేల మీద కొట్టాడు, అంతే. తాడాట లెక్క. ఠప్, ఠప్, ఠప్. ఠప్, ఠప్. డాక్టర్ తల ఎత్తలేదు, ఎవరైనా విసుగుతో కాలు ఆడిస్తారు. గావ్రిలా పిక్కలు విన్నాయి. గుర్రం, అన్నాడు. నిమ్మకాయ, వంతెన, కిటికీ, సబ్బు. ముద్ర పడింది. బయటికొచ్చి సావా మెడ చుట్టూ చెయ్యేసి, చూశావా, ఇంకా ఉంది ఇక్కడ, అని నుదుటి మీద కొట్టుకుని చూపించాడు.

పదీ నలభై తొమ్మిది. చెప్పుకో. గొడుగు. పాలు. తాళం చెవి. పావురం. సబ్బు. కాదు. సబ్బు కాదు. పావురం తర్వాత? గావ్రిలా గొడుగు పట్టుకున్నాడు, పాలు, మెడలో తాళం చెవి, భుజం మీద పావురం, తర్వాత ఏదో చేస్తున్నాడు. ఏం చేస్తున్నాడు? కూర్చున్నాడు. పెరట్లో పీట మీద కూర్చుని గింజలు చల్లుతున్నాడు, ఇంకేమీ చెయ్యడం లేదు, ఎంత లాగినా లేవడం లేదు. పీట? పీట కాదు. గింజలు? కాదు. మళ్ళీ మొదటి నుంచి. గొడుగు, పాలు, తాళం చెవి, పావురం, అక్కడో గుంట. కాలు పెడితే దిగబడుతుంది. ఇందాక ఉంది, ఇందాక నోట్లోనే ఉంది, దాని బరువు కూడా గుర్తుంది, పొడుగాటిది, చెక్కదో ఇనుపదో. వంతెనా? వంతెన పాతది. గుర్రం వస్తోంది మళ్ళీ, పొమ్మంటే పోదు. చొక్కా లోపల చెమట వీపు వెంట జారింది. పోటీ బరువు అరవై తొమ్మిది కిలోలకు దిగడానికి నిన్నంతా నూనెగుడ్డ చుట్టుకుని పరిగెత్తినప్పుడు కూడా ఇంత చెమట పట్టలేదు. గడియారం గంతు వేసింది.

రెవేకా మేజోడు పక్కన పెట్టింది. అతని ముఖం కేసి కాసేపు చూసి, సొరుగు లాగి, ఒక కాగితం తీసి, బల్ల మీద బోర్లా పెట్టింది.

"నేను కాఫీ తెచ్చుకుంటా. కింద క్యాంటీన్లో పెద్ద వరస ఉంటుంది, పది నిమిషాలు పడుతుంది," అంది. లేచి, తలుపు దగ్గర ఆగి, "మా వదిన నోరు మూయించడం నీ బాధ్యత, తమ్ముడూ," అని వెళ్ళిపోయింది.

రెండు అడుగులు. బెంచీకీ బల్లకీ మధ్య రెండు అడుగులు. లాస్కర్‌కి మెలకువ వచ్చింది.

"ఏంటా కాగితం?"

"మాటలు. ఆవిడ మాటలు మార్చేసింది, బాబాయ్. గుర్రం లేదు."

ముసలాడు టోపీ తల మీద పెట్టి, మళ్ళీ తీశాడు. "గుర్రం లేదా? సబ్బు?"

"ఏదీ లేదు. కొత్తవి. నాలుగున్నాయి నా దగ్గర. అయిదోది పోయింది."

"మరి కూర్చున్నావేంరా, మొద్దు వెధవా, లే!" అంటూ తనే లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, బల్ల పట్టుకుని, కాగితం తిరగేశాడు. చెయ్యంత దూరం పెట్టి చూశాడు, ముక్కు దగ్గర పెట్టి చూశాడు. "కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. చీమలు పాకినట్టుంది. ఇదిగో, నువ్వు చూడు." కాగితం సావా ముఖం ముందు పట్టుకున్నాడు.

సావా కళ్ళు మూసుకున్నాడు.

"ఏంట్రా ఇది? చూడరా!"

"వెనక్కి పెట్టెయ్, బాబాయ్."

"శనివారం నువ్వు నిలబడతావు. నాకు తెలుసు. ఆరు రౌండ్లు, వాణ్ణి పట్టుకుని వేలాడినా సరే, నిలబడి ముగిస్తావు. అదైపోతే ఇక చాలు. ఒక్కసారి కళ్ళు తెరువు."

"గావ్రిలాకి నేనే చెప్పాను," అన్నాడు సావా, కళ్ళు తెరవకుండానే. రెప్పల వెనక ఎర్రగా ఉంది, డ్రెస్డెన్ దీపాల్లా. "కాలితో కొట్టి చెప్పాను. వాడి దగ్గర ఒక్క మాట కూడా లేదు. నేను కొట్టకపోతే ఆ రోజు ఇంటికి పోయేవాడు."

కాగితం చప్పుడు ఆగిపోయింది. కింద ఎక్కడో ట్రామ్ మలుపు తిరుగుతూ కీచుమంది. లాస్కర్ గొంతు వినిపించింది, అది రింగు మూలన అరిచే గొంతు కాదు.

"నాకు తెలుసు. తలుపు సందులోంచి చూశాను. నీ మడమ ఆడటం చూశాను."

సావా కళ్ళు తెరిచాడు. కాగితం బల్ల మీద, ఇందాకటిలాగే బోర్లా ఉంది. ముసలాడు దాని మీద అరచెయ్యి ఆనించి, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఆపలేదేం?"

"మేకులు కొట్టింది నేను కదరా."

అంతే. తర్వాత ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. రెవేకా కాఫీతో వచ్చింది, కాగితం చూసింది, వాళ్ళని చూసింది, ఏమీ అర్థం కాక మేజోడు అందుకుంది. సావా అలసిపోయాడు. పన్నెండు రౌండ్లు ఆడినప్పటి అలసట కాదు ఇది, అది ఒంటిది, వేడినీళ్ళతో పోయేది. ఇది ఇరవై నాలుగేళ్ళది. అయిదో మాట కోసం వెతకడం మానేశాడు. మానేస్తే తనే వస్తుందంటారు, రాలేదు. పర్వాలేదు. గొడుగు, పాలు, తాళం చెవి, పావురం. వీటిలో ఏదీ ఇక జారదు, ఒక్కోటి ఎంత బరువుందో ఇప్పుడు తెలిసింది.

పదకొండూ అయిదు. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ సన్నగా ఉంది, చిన్న పిల్లలా ఉంది, జేబులో మూడు పెన్నులు.

"కూర్చోండి, సావా గారూ."

"నిలబడే చెబుతాను."

ఆవిడ సరేనంది. సావా పాదాలు ఎడంగా పెట్టుకుని, గడ్డం కాస్త దించి నిలబడ్డాడు. వేరే ఎలా నిలబడాలో అతనికి తెలియదు.

"గొడుగు," అన్నాడు. "పాలు. తాళం చెవి. పావురం."

ఆవిడ పెన్ను కాగితం మీద ఆగి ఉంది. కుడి మడమ తనంతట తను లేచింది, నేలను కొట్టడం మొదలుపెట్టింది, ఠప్, ఠప్, సబ్బు నోటి దాకా వచ్చింది. ఎడమ కాలితో ఆ పాదాన్ని తొక్కి పట్టాడు.

"అయిదోది?"

"రాలేదు, డాక్టరమ్మా."

"ఒక నిమిషం తీసుకోండి. తొందరేం లేదు."

"వద్దు."

ఆవిడ తల ఎత్తి అతన్ని చూసింది. "అందరూ ఏదో ఒకటి అనేసి చూస్తారు," అంది. "ముద్ర వెయ్యలేను. మీకు తెలుసు కదా?"

"తెలుసు."

బయట మెట్ల మీద గాలి డాన్యూబ్ వైపు నుంచి వస్తోంది, బురద వాసనతో, ఓడల నూనె వాసనతో. గేటు దగ్గర పోస్టరు ఒక మూల ఊడి కొట్టుకుంటోంది. సావా దాని ముందు ఆగలేదు. లాస్కర్ ఒక్కో మెట్టూ రెండు కాళ్ళతో దిగుతున్నాడు.

"నిలబడి చెప్పావు," అన్నాడు.

"మళ్ళీ తలుపు సందులోంచి చూశావా?"

"అలవాటు." ఇంకో మెట్టు దిగాడు. "శనివారం ఇక పనేం లేదుగా. గ్లోవ్స్ పట్టుకుని జిమ్ముకి రా."

"డ్రెస్డెన్‌లో నేను లేవలేదు, బాబాయ్. రూలు నీదే."

"చివరి పోరు ఇవాళ్టిది. రిఫరీని నేను. సాక్షిని నేను. ఎవడైనా కాదంటే వాణ్ణి నా దగ్గరికి పంపు."

సావా రెండు మెట్లు దిగాడు. "గావ్రిలావి కూడా," అన్నాడు.

ముసలాడు కమ్మీ పట్టుకుని ఆగాడు. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఎక్కడున్నాయవి? తింకా దగ్గరా?"

"పావురాల గూట్లో. ఒక గ్లోవులో పావురం గుడ్లు పెట్టింది."

"అయితే పిల్లలు ఎగిరేదాకా ఆగాలి."

"ఆగుదాం."

"ఆగుదాం," అన్నాడు లాస్కర్, కిందకి కదులుతూ. "నీది కూడా అప్పుడే వేద్దాం, రెండూ ఒకేసారి. కానీ ముందే చెబుతున్నా, నా మోకాళ్ళతో అంత పైకి నేను ఎక్కలేను. నువ్వే ఎక్కాలి. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటా."

సావా ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు. తలుపు ఇంకా కొద్దిగా తెరిచే ఉంది, లోపల గడియారం పదకొండూ పద్దెనిమిది చూపిస్తోంది. జేబులో చెయ్యి పెట్టాడు. తాళం చెవి దారంతో సహా అక్కడే ఉంది.

"ఏంట్రా, ఏమైంది?"

"ఏం లేదు, బాబాయ్," అన్నాడు సావా, ముసలాడి మోచెయ్యి పట్టుకుని మెట్టు దింపుతూ. "గట్టిగా పట్టుకో."